తట్టి చూడలేని సంత

మా మేనకోడలు తెనాలి నుంచి పంపిన జాబితాలో ఎనిమిది వరసలున్నాయి. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్, మానిటర్, చివర కీబోర్డూ మౌసూ కలిపి ఒకటి. అది 2024 జూన్. పిల్ల బీటెక్‌లో చేరబోతోంది. ల్యాప్‌టాప్ కొనిపెడతామని ఇంట్లో వాళ్ళంటే, ఆ డబ్బుతో విడిభాగాలు తెప్పించుకుని తనే బిగించుకుంటానని పట్టుబట్టింది.

"మావయ్యా, అన్నీ కార్ట్‌లో వేసేశాను. రాత్రి పన్నెండింటికి ఆఫర్ అయిపోతుంది. ఒకసారి చూసి సరేనంటే నొక్కేస్తా" అంది ఫోన్లో.

నొక్కొద్దన్నాను. జాబితాలో రెండు తప్పులున్నాయి. మొదటిది ఒక్క అక్షరం తేడా. రెండోది ఉచితంగా వస్తున్న వస్తువు.

సంతకెళ్తే మనం చూసీ చూడకుండా ఏదీ కొనం. కొబ్బరికాయను చెవి దగ్గర ఊపుతాం, పుచ్చకాయను తట్టి చూస్తాం, బెండకాయ కొన విరిచి చూస్తాం. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో కంప్యూటర్ సామాన్లు కొన్నవాళ్ళకు ఇంకో సుఖం కూడా తెలుసు. ర్యామ్ అడిగితే కౌంటర్ వెనక కుర్రాడు ముందు "ఏ బోర్డు మీదికన్నా?" అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్న సగం తప్పుల్ని ఆపేస్తుంది. ఆన్‌లైన్‌లో ఆ ప్రశ్న అడిగేవాళ్ళు లేరు. ఒకదానికొకటి పొసగని బోర్డునూ ప్రాసెసర్‌నూ ఒకే కార్ట్‌లో వేసినా, డబ్బు తీసుకుని రెండూ ఇంటికి పంపిస్తారు. ఫోటోలు చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి. ఫోటో కింద చిన్న అక్షరాల్లో ఉండే అంకెల్లోనే అసలు విషయం ఉంటుంది. ఆ అంకె ప్రతిదీ ఒక కొలత: మిల్లీమీటరో, వోల్టో, సెకనులో వంద కోట్లవ వంతో. అది చదవడం వస్తే పుచ్చకాయ తట్టినట్టే.

అసలు ఎనిమిది కంపెనీల వస్తువులు, ఒకరి ముఖం ఒకరు చూడని మనుషులు చేసినవి, తెనాలిలో ఒక గదిలో కలిసి పనిచేయడమే ఆశ్చర్యం. దీని మూలం 1981 ఆగస్టు 12న ఐబీఎం విడుదల చేసిన పీసీలో ఉంది. ఫ్లోరిడాలోని బోకా రేటన్‌లో డాన్ ఎస్ట్రిడ్జ్ నాయకత్వంలో ఒక చిన్న బృందం దాదాపు ఏడాదిలో దాన్ని తయారుచేసింది. అన్నీ సొంతంగా చేసుకునే అలవాటున్న ఐబీఎం, టైము లేక బజారులో దొరికే భాగాలు తీసుకుంది. ప్రాసెసర్ ఇంటెల్ వాళ్ళ 8088, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ వాళ్ళది. పైగా లోపలి సర్క్యూట్ పటాలతో సహా పుస్తకం వేసి అమ్మింది. దాంతో ఎవరైనా దానికి సరిపడే కార్డు చేయగలిగారు. మిగిలిన ఒక్క తాళం, మెషీన్‌ను నిద్రలేపే బయాస్ అనే చిన్న ప్రోగ్రాము. కాంపాక్ అనే కంపెనీ ఇంజనీర్లు ఐబీఎం రాసిన ప్రోగ్రామును నకలు చేయకుండా, అది చేసే పనిని బట్టి తమది తాము రాసుకుని ఆ తాళమూ తీసేశారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ అనే కొలతల పట్టీ ఇచ్చింది. బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు, మర రంధ్రాలు ఫలానా చోట, వెనక పోర్టుల కిటికీ ఇంత. దర్జీ కొలతల పుస్తకం లాంటిది అది. దాని చిన్న చెల్లెలు మైక్రో ఏటీఎక్స్, నాలుగు వైపులా 244. మా పిల్ల ఎంచుకున్న బోర్డు అదే. దాదాపు ముప్పై ఏళ్ళ కిందటి కొలత ప్రకారం చేసిన క్యాబినెట్‌లో ఈనాటి బోర్డు మరలు సరిగ్గా కూర్చుంటాయంటే, ఆ క్రమశిక్షణకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది నాకు.

అయితే ప్రాసెసర్ కూర్చునే సాకెట్‌కు అంత ఆయుష్షు లేదు. పేరులోనో పక్కనో పిన్నుల లెక్క ఉంటుంది. ఏఎండీ ఏఎం4 సాకెట్‌కు 1,331 పిన్నులు, ఏఎం5కు 1,718. ఇంటెల్ ఎల్‌జీఏ1700లో లెక్క పేరులోనే ఉంది. ఒకదానిది ఒకదానిలో దిగదు. సాకెట్ కుదిరినా ఇంకో చిక్కుంది. బోర్డు గోడౌన్‌లో చాలాకాలం పడి ఉంటే, దానిలోని బయాస్ తన తర్వాత పుట్టిన ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. ఫ్యాను తిరుగుతుంది, తెర వెలగదు. అందుకే పాత ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చుకునే మీట ఉన్న బోర్డు అయితే మొదటిసారి బిగించేవాళ్ళకు ధైర్యం. దానికి నాలుగు వందలు ఎక్కువ పెట్టినా నేను వద్దనను.

ఇక ఆ ఒక్క అక్షరం. పిల్ల జాబితాలో రాసింది ఏఎండీ వాళ్ళ రైజెన్ 5 5600. కావలసింది రైజెన్ 5 5600జి. మొదటి దాంట్లో బొమ్మను తయారుచేసే గ్రాఫిక్స్ భాగం లేదు. వేరే గ్రాఫిక్స్ కార్డు తన జాబితాలోనూ లేదు.

"బోర్డుకు హెచ్‌డీఎంఐ ఉంది కదా మావయ్యా?"

"కుళాయి ఉందమ్మా. వెనక పైపు లేదు."

బోర్డు మీది హెచ్‌డీఎంఐ నేరుగా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ భాగానికి దారి. అక్కడ ఏమీ లేకపోతే ఆ దారి ఎటూ పోదు. ఏఎం4 కాలంలో జి అంటే గ్రాఫిక్స్ ఉంది. ఇంటెల్‌లో, ఏఎం5 ప్రాసెసర్లలో చివర ఎఫ్ ఉంటే గ్రాఫిక్స్ లేదు. ఒకరి దగ్గర అక్షరం ఉంటే ఉన్నట్టు, ఇంకొకరి దగ్గర అక్షరం ఉంటే లేనట్టు. కొనేవాళ్ళను ఇంత కష్టపెట్టే పేర్లు పెట్టడం నాకు ఇప్పటికీ నచ్చదు.

ఆ 5600జి లోపల ఉన్న సిలికాన్ ముక్క 180 చదరపు మిల్లీమీటర్లు, బొటనవేలి గోరంత. అందులో 1,070 కోట్ల ట్రాన్సిస్టర్లు. తైవాన్‌లో టీఎస్ఎంసీ ఫ్యాక్టరీలో 300 మిల్లీమీటర్ల సిలికాన్ పళ్ళెం మీద ఇలాంటి ముక్కలు వందల్లో ఒకేసారి అచ్చవుతాయి. ప్రతి ముక్క మీదా ఎనిమిది కోర్లు, ఎనిమిది గ్రాఫిక్స్ విభాగాలు గీసి ఉంటాయి. అయితే కంటికి కనపడని నలుసొకటి పడినా ఆ చోట సర్క్యూట్ చెడుతుంది. ఒక కోరు చెడిందని మొత్తం ముక్కను పారేస్తే మిగతా ఏడూ వృథా. అందుకని పరీక్షించి, చెడిన భాగాన్ని శాశ్వతంగా మూసేసి, ఏరి వేరుచేస్తారు. నూజివీడు తోటల్లో మామిడికాయల్ని సైజువారీగా ఏరినట్టే. ఎనిమిది కోర్లూ పనిచేసేది 5700జి. ఆరు కోర్లు, ఏడు గ్రాఫిక్స్ విభాగాలతో అమ్మేది 5600జి.

"అంటే నాకు చెడిపోయింది ఇస్తున్నారా?" అంది.

కాదు. పనిచేసే ఆరూ పూర్తిగా పనిచేస్తాయి. చెడింది అక్కడ నిద్రపోతూ ఉంటుంది, కరెంటు కూడా తాగదు. గిరాకీ ఎక్కువైనప్పుడు బాగున్న కోర్లను మూసి తక్కువ ధరకు అమ్మేదీ ఉంది. ఆ ఏరివేతే లేకపోతే అందరికీ ఎనిమిది కోర్ల ధరే పడేది. విద్యార్థి జేబుకు అందుబాటులో ప్రాసెసర్ ఉండడానికి ఒక కారణం ఇదే.

ర్యామ్ దగ్గర తను సరిగ్గానే ఆలోచించింది. 16 జీబీ ఒకే కడ్డీగా కాకుండా 8 జీబీవి రెండు పెట్టింది. ధర ఇంచుమించు ఒకటే అయినా దారి వేరు. డీడీఆర్4-3200 అంటే సెకనుకు 320 కోట్లసార్లు డేటా అందుకోవడం. ఒక్కోసారి 8 బైట్లు. లెక్క కడితే ఒక్క కడ్డీకి సెకనుకు 25.6 జీబీ. రెండు కడ్డీలు వేర్వేరు దారుల్లో ఉంటే దానికి రెట్టింపు. గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో బొమ్మలు గీసే భాగం కూడా ఈ ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి, రెండో దారి తెరిస్తే తెర మీదే తేడా తెలుస్తుంది. పక్కనే సీఎల్16 అనో సీఎల్22 అనో ఉంటుంది. అడిగిన తర్వాత ఎన్ని గడియార టిక్కులకు జవాబు మొదలవుతుందో చెప్పే అంకె అది. 3200 ర్యామ్‌కు సీఎల్16 అంటే 10 నానోసెకన్లు, సీఎల్22 అంటే 13.75. ఆ పది నానోసెకన్లలో వెలుగు మూడు మీటర్లు మాత్రమే పోగలదు. మన గది ఈ గోడ నుంచి ఆ గోడకు.

ఎస్ఎస్‌డీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎం.2 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. చూడ్డానికి అలాగే ఉండి సాటా రకం అయితే సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ రకం మామూలుది కూడా చాలావరకు మూడు వేలు దాటుతుంది. 500 జీబీ అని కొంటే విండోస్ 465 అని చూపిస్తుంది. అది మోసం కాదు. తయారీదారు వెయ్యితో లెక్కిస్తాడు, విండోస్ 1,024తో లెక్కిస్తుంది. అసలు మోసం వేరే ఉంది. అగ్గువకు రెండు టీబీ అని అమ్మే కొన్ని బయటి డ్రైవ్‌లలో చిన్న మెమరీ కార్డు పెట్టి, దాని కంట్రోలర్‌కు అబద్ధం నేర్పుతారు. అది రెండు టీబీ ఉన్నానని చెబుతుంది. నిండాక, కొత్త ఫోటోలు పాత ఫోటోల మీదే రాసుకుంటూ పోతుంది. కొన్న రోజే చివరిదాకా నింపి, తిరిగి చదివి చూస్తే దొరికిపోతుంది.

రెండో తప్పు దగ్గరికొచ్చాను, మెషీన్ అంతటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ దగ్గరికి. పిల్ల ఎంచుకున్న క్యాబినెట్‌తో "450 వాట్ల ఎస్ఎంపీఎస్ ఉచితం". దాన్ని చూడగానే నాకు పాత గాయం గుర్తొచ్చింది. నా మొదటి మెషీన్‌కు నేనూ అలాంటిదే తీసుకున్నాను. రెండో ఎండాకాలం, మే నెల మధ్యాహ్నం, కరెంటు పోయి వచ్చిన క్షణంలో టప్పుమని శబ్దం, కాలిన వాసన. ఎస్ఎంపీఎస్ పోతూ పోతూ మదర్‌బోర్డునూ తీసుకుపోయింది. అమ్మినతను ఉచితంగా ఇచ్చినదానికి వారంటీ ఉండదన్నాడు. ఆ పెట్టెను ఇప్పటికీ దాచుకున్నాను. దాని పక్కన అతికించిన స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో 450 వాట్లు. కింద చిన్న పట్టికలో +12వి అన్న గడిలో 16ఎ.

పన్నెండు వోల్టులు ఇంటూ పదహారు ఆంపియర్లు, 192 వాట్లు. అంతే. మిగతావి 5 వోల్టు, 3.3 వోల్టు గడుల్లో చూపించి 450 చేశారు. పాతకాలం ప్రాసెసర్లు 5 వోల్టుల తీగ నుంచి కరెంటు తీసుకునేవి కాబట్టి అప్పట్లో ఆ లెక్కకు అర్థముంది. 2000 నుంచి పద్ధతి మారింది. ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ దాదాపు అంతా 12 వోల్టుల నుంచే తాగుతాయి. కారణం తీగలో ఉంది. ప్రాసెసర్‌కు 65 వాట్లు పంపాలంటే 5 వోల్టుల దగ్గర 13 ఆంపియర్లు కావాలి, 12 దగ్గర ఐదున్నర లోపే చాలు. తీగలో వేడి ఆంపియర్ల వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అందుకే వోల్టు పెంచారు. కానీ చివరకు ప్రాసెసర్ లోపల కావలసింది 1.2 వోల్టుల చుట్టుపక్కలే. 65 వాట్లను 1.2తో భాగిస్తే 54 ఆంపియర్లు! మన ఇంట్లో 2,000 వాట్ల గీజరు తీసుకునేది తొమ్మిది లోపే. గోరంత సిలికాన్‌లోకి ఆరు గీజర్ల కరెంటు పోతుంది. దాన్ని 12 నుంచి 1.2కు దించే చిన్న చిన్న సర్క్యూట్లు సాకెట్ పక్కనే, లోహపు దిమ్మెల కింద ఉంటాయి. ఆ దిమ్మెలు అలంకారం కాదు.

అందుకే ఎస్ఎంపీఎస్ పేజీలో నేను ముందు వెతికేది స్టిక్కర్ ఫోటో. 12 వోల్టుల గడిని ఆంపియర్లతో గుణిస్తాను. రాసిన వాట్లకు దగ్గరగా వస్తే ముందుకెళ్తాను. స్టిక్కర్ ఫోటో పెట్టనివాడి దగ్గర కొనను. 80 ప్లస్ అనే ముద్ర తర్వాతి సంగతి. సగం లోడు మీద కాంస్యం 85 శాతం, బంగారం 90 శాతం సామర్థ్యం చూపాలని దాని నియమం, అమెరికా వాళ్ళ 115 వోల్టుల మీద పరీక్షించి. మెషీన్ 200 వాట్లు తీసుకుంటోందనుకుంటే గోడ నుంచి ఒకటి 235, రెండోది 222 లాగుతుంది. రోజుకు ఐదు గంటలు వాడితే ఏడాదికి 24 యూనిట్ల తేడా. మా పిల్ల మెషీన్ అంత కూడా తీసుకోదు. కాబట్టి నమ్మకమైన 550 వాట్ల కాంస్యం చాలన్నాను. బంగారానికి పెట్టే డబ్బు ఎర్తింగ్‌కు పెట్టమన్నాను.

ఎర్తింగ్ మాట ఎందుకొచ్చిందంటే, కంప్యూటర్ పెట్టెను ముట్టుకుంటే వేళ్ళు జివ్వుమనడం మన ఇళ్ళలో చాలామందికి అనుభవం. ఎస్ఎంపీఎస్ ముఖద్వారంలో కరెంటు రొదను వడకట్టే రెండు చిన్న కెపాసిటర్లుంటాయి. ఒకటి ఫేజ్ నుంచి పెట్టె లోహానికి, ఒకటి న్యూట్రల్ నుంచి పెట్టె లోహానికి. ఎర్త్ తీగ నిజంగా భూమికి చేరి ఉంటే ఆ కొద్ది కరెంటూ నేలలోకి పోతుంది. చేరకపోతే పెట్టె ఆ రెంటి మధ్య వేలాడుతుంది. 230లో సగం, 115 వోల్టుల దగ్గర. కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమంటుందే గానీ కొట్టదు. కానీ ఎర్త్ లేని ఇంట్లో లోపల ఏదైనా తీగ తెగి పెట్టెకు తగిలితే ఆపేది ఏదీ ఉండదు. మా అక్కవాళ్ళ ఇంట్లో మూడో పిన్ను రంధ్రం ఉంది, దాని వెనక తీగ లేదు. ఎలక్ట్రీషియన్ వచ్చి పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ పోసి, పైపు దింపాడు. మొదటి విడిభాగం కన్నా ముందు ఆ ఇంటికి వచ్చింది అదే.

ధరల గురించి పిల్లకు ఒక కంగారు ఉండేది, ఈ రాత్రి దాటితే పోతుందేమోనని. పండగ ఆఫర్ పోతే ఇంకో పండగ వస్తుంది. కానీ ఈ వస్తువుల ధరలు మన పండగల్ని బట్టి నడవవు. 2011లో థాయిలాండ్‌లో వరదలొచ్చి వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీలు, హార్డ్‌డిస్క్ మోటార్లు చేసే ఫ్యాక్టరీలు నీట మునిగాయి. కొన్ని వారాల్లోనే ప్రపంచమంతా హార్డ్‌డిస్క్ ధరలు ఎగిరిపోయాయి. ర్యామ్ చిప్పులు ఎక్కువ భాగం చేసేది మూడే కంపెనీలు: శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్. కృత్రిమ మేధ డేటా సెంటర్లు ఆ చిప్పుల్ని ఎగబడి కొనడంతో 2025 చివరి నెలల్లో ర్యామ్ ధర రెట్టింపు దాటిపోయింది. మా పిల్ల కొన్న జత అప్పటికి ఏడాదిన్నర పాతది. ఈ లెక్కన తొందరపడాల్సిన రోజులూ ఉంటాయి. కానీ ఆ తొందరకు కారణం కొరియాలోనో తైవాన్‌లోనో వెతకాలి, వెబ్‌సైట్ మీద కిందికి పరుగెత్తే గడియారంలో కాదు.

అమ్మేవాళ్ళ సంగతి కూడా. పెద్ద సైట్ల మీద సైట్ పేరు వేరు, అసలు అమ్మకందారు వేరు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా కొనేవాళ్ళకు తెలియాలి, వస్తువు ఏ దేశంలో తయారైందో చెప్పాలి. ప్రాసెసర్ సీలున్న కంపెనీ పెట్టెలో వస్తుందా, విడిగా ట్రేలోది ఇస్తున్నారా అని చూడాలి. పెట్టెలోదానికి సాధారణంగా మూడేళ్ళ వారంటీ ఉంటుంది, ట్రేలోదానికి అమ్మినవాడి మాటే వారంటీ. జీఎస్టీ బిల్లు మీద సీరియల్ నంబరు వేయించుకోవాలి. పార్సిల్ టేపు కోయకముందు నుంచి, కట్ చేయకుండా, వీడియో తీయాలి. అమ్మినవాళ్ళు మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. ఇది చాదస్తం కాదు. తట్టి చూడలేని సంతలో కొనేవాళ్ళ చేతిలో ఉన్న సాక్ష్యం ఇదొక్కటే.

జూలైలో ఒక ఆదివారం తెనాలి వెళ్ళాను. నేను ముట్టుకోకూడదని ముందే ఒప్పందం. నేల మీద మదర్‌బోర్డు అట్టపెట్టె, దాని మీద బోర్డు. ముందు ఎర్త్ ఉన్న క్యాబినెట్ లోహాన్ని ముట్టుకోమన్నాను. వేలి చివర చిటుక్కుమని మనకు తెలియాలంటే ఒంటి మీద స్టాటిక్ మూడు వేల వోల్టులైనా చేరాలి. చిప్పు చెడడానికి అంతకంటే చాలా తక్కువ చాలు, మనకు తెలియను కూడా తెలియదు. పిల్ల సాకెట్ పక్క మీట పైకెత్తింది. ప్రాసెసర్ మూలనున్న బంగారు త్రికోణాన్ని సాకెట్ మూలకు సరిపెట్టి, వేళ్ళతో వదిలేసింది. 1,331 పిన్నులు తమ బరువుకు తామే దిగాయి. నొక్కలేదు. నొక్కాల్సి వస్తే ఏదో ఒకటి వంగిందన్నమాట. మీట దించింది. పైన పేస్టు బఠాణీ గింజంత, దాని మీద హీట్‌సింక్. రెండు లోహాల మధ్య కంటికి కనపడని గుంతల్లో గాలి ఉంటే వేడి దాటదు, పేస్టు ఆ గుంతల్ని నింపుతుంది. ఎక్కువ రాస్తే పేస్టే గోడవుతుంది. ర్యామ్ కడ్డీలు రెండో అరలో, నాలుగో అరలో.

మొదటిసారి బటన్ నొక్కినప్పుడు ఫ్యాను తిరిగింది, తెర నల్లగానే ఉంది. మా అక్క వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. పది సెకన్లు, పదిహేను. తర్వాత బయాస్ తెర వచ్చింది. పిల్ల గబగబా వరసలు చదివింది. ప్రాసెసర్ సరే, ఎస్ఎస్‌డీ సరే, ర్యామ్ 16 జీబీ సరే. ఆగింది.

"మావయ్యా, పెట్టె మీద 3200 ఉంది. ఇక్కడ 2400 అంటోంది. తప్పుడు ర్యామ్ ఇచ్చారా?"

కాదన్నాను. ప్రతి కడ్డీ మీదా ఒక చిన్న చిప్పులో రెండు పట్టికలుంటాయి. ఒకటి ఏ బోర్డు మీదైనా నడిచే నెమ్మది వేగం, రెండోది కంపెనీ పరీక్షించి హామీ ఇచ్చిన వేగం, 1.35 వోల్టుల దగ్గర. బోర్డు మొదటిసారి భద్రంగా మొదటిదే తీసుకుంటుంది. రెండోదాన్ని మనమే చెప్పాలి. ఎక్స్ఎంపీ అన్న వరస మీదికి వెళ్ళి ఆన్ చేసి సేవ్ చేసింది. మెషీన్ ఆగి మళ్ళీ మొదలైంది. తెర మళ్ళీ నలుపు. ఈసారి తనకు కంగారు లేదు. కొత్త వేగానికి ర్యామ్‌తో బోర్డు సర్దుకుంటోందని నేను చెప్పబోతుంటే, చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. తెర వెలిగింది. వేలు పెట్టి చదివింది: మూడు వేల రెండు వందలు.